ఫొటో ఎవరి ఇంటికి చేరింది?

1976 జనవరిలో క్రిస్ కిల్లిప్ అనే ఫొటోగ్రాఫర్ ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లైన్‌మత్‌కు వెళ్లారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. గట్టు మీద బొగ్గు గని ఉంది. కింద ఇసుకలో గుర్రపు బండ్లు ఉన్నాయి. బండ్లను వెనక్కి నడిపించి సముద్రంలో నిలిపారు. పక్కనే నీళ్లలో నిలబడిన మనుషులు పొడవాటి కర్రలకు బిగించిన తీగవలలతో బొగ్గు తోడి బండికెత్తుతున్నారు. గనివాళ్లు సముద్రంలో పారబోసిన వ్యర్థంలోని బొగ్గును అలలు మళ్లీ ఒడ్డుకు తెచ్చి పడేస్తాయి. దాన్ని ఏరి అమ్ముకునే కుటుంబాలు ఆ ఒడ్డునే కారవాన్లలో, అంటే చక్రాల ఇళ్లలో, కాపురముంటున్నాయి.

కిల్లిప్ కెమెరా తీశారు, వాళ్లు తరిమేశారు. మరోసారి వెళ్తే మళ్లీ తరిమేశారు. ఆరేళ్లపాటు ఇదే తంతు. నిరుద్యోగ భృతి తీసుకుంటూ ఎవరెవరు బొగ్గు అమ్ముకుంటున్నారో కనిపెట్టడానికి ప్రభుత్వం పంపిన మనిషేమోనని వాళ్ల అనుమానం. ఆ అనుమానంలో తప్పు పట్టడానికేమీ లేదు. పూట గడవడానికి చేసే పని కాగితం మీద నేరంగా మారే చోట కెమెరా అంటే సాక్ష్యమే కదా. 1982లో ఇక ఇదే ఆఖరుసారి అనుకుని, వాళ్లు కూర్చునే పబ్బుకే వెళ్లి మాట్లాడబోయారు. అక్కడా చుక్కెదురే. ఇంతలో గుంపులో ఒకాయన ఈయన ముఖం గుర్తుపట్టాడు. ఆపిల్‌బీ గుర్రాల సంతలో ఇద్దరూ కలిశారట. ఆ ఒక్క పరిచయంతో తలుపు తెరుచుకుంది. మరుసటి ఏడాది కిల్లిప్ తానూ ఒక కారవాన్ సంపాదించుకుని ఆ ఒడ్డునే మకాం పెట్టారు. ఈ రోజు లైన్‌మత్ ఫొటోలుగా ప్రపంచానికి తెలిసినవి చాలావరకు అలా 1984 దాకా అక్కడ ఉండి తీసినవే.

శ్రామికుల రోజువారీ జీవితాన్ని చూపే ఫొటోల గురించి మాట్లాడేటప్పుడు మనం చట్రం లోపల ఉన్నదాన్నే చూస్తాం. మడతలు పడ్డ ముఖం, చిరిగిన కోటు, కిటికీలోంచి పడే వెలుతురు. గొడవలు మాత్రం ఎప్పుడూ చట్రం బయట ఉన్నదాని గురించే జరుగుతాయి. తీసినవాడు అక్కడికి ఎలా చేరాడు, ఎన్నాళ్లున్నాడు, ఫొటో కింద ఏం రాశాడు, చివరికి ఆ ఫొటో ఎవరి చేతికి వెళ్లింది. సామాజిక డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ చుట్టూ నూరేళ్లకు పైగా నడుస్తున్న వాదాలన్నీ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి.

వార్తా ఫొటోకూ దీనికీ తేడా ముందే చెప్పుకోవాలి. వార్తా ఫొటోగ్రాఫరుకు ఏదో ఒకటి జరగాలి. ఫ్యాక్టరీ గేటు ముందు లాఠీచార్జి జరిగితే ఫొటో వస్తుంది. అదే గేటులోంచి ముప్పై ఏళ్లుగా టిఫిన్ డబ్బాతో లోపలికి వెళ్లే మనిషికి ఏ రోజూ ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడాన్ని ఫొటో తీయడమే ఈ పని. అందుకే దీనికి కెమెరా కంటే ముందు తీరిక కావాలి. తీరిక అంటే డబ్బు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

దాచిన కెమెరా, దాగని కెమెరా

1937లో బ్రిటన్‌లో మాస్ అబ్జర్వేషన్ అనే బృందం పారిశ్రామిక పట్టణమైన బోల్టన్‌లో మకాం వేసి మామూలు మనుషుల దినచర్యను నమోదు చేయడం మొదలుపెట్టింది. పట్టణానికి వాళ్లు పెట్టుకున్న మారుపేరు వర్క్‌టౌన్. బృందానికి ఫొటోలు తీసిన హంఫ్రీ స్పెండర్ కలవారి బిడ్డ. పాత వానకోటు కింద చిన్న లైకా కెమెరా దాచుకుని పబ్బుల్లో, వీధుల్లో, ఎన్నికల సభల్లో తిరిగేవారు. ఎవరికీ తెలియకుండా తీస్తేనే మనుషులు సహజంగా ఉంటారన్నది అప్పటి సిద్ధాంతం. అలా తొమ్మిది వందలకు పైగా ఫొటోలు వచ్చాయి. చాలా మంచివి కూడా. అయితే ఆ పనిలో తానొక చొరబాటుదారుణ్నన్న ఇబ్బంది తనను వదల్లేదని స్పెండర్ తర్వాతి కాలంలో ఒప్పుకున్నారు.

కిల్లిప్ వాడింది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన యంత్రం. నాలుగంగుళాలకు అయిదంగుళాల ఫిల్ము పలకలు ఒక్కొక్కటిగా వేసి తీసే పెద్ద కెమెరా. దాన్ని ఏ కోటు కిందా దాచలేం. అది పట్టుకుని వచ్చే మనిషి ఫర్లాంగు దూరం నుంచే కనిపిస్తాడు. అంటే ఎదుటివాళ్లకు వద్దనే అవకాశం ఉంటుంది. లైన్‌మత్ వాళ్లు ఆరేళ్లు వాడుకున్నది ఆ అవకాశాన్నే. కెమెరా పరిమాణానికీ మర్యాదకూ సంబంధం ఉంటుందని ఫొటోగ్రఫీ పాఠాల్లో ఎవరైనా చెబుతారో లేదో నాకు తెలియదు. చెప్పాలనిపిస్తుంది. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉన్నది స్పెండర్ కెమెరాయే.

ఈశాన్య ఇంగ్లండ్‌లోనే మరో దారి పట్టినావిడ ఫిన్లాండు నుంచి వచ్చిన సిర్కా-లీసా కొంటినెన్. లండన్‌లో చదువుకునేటప్పుడు తోటి విద్యార్థులతో కలిసి 1968లో ఆంబర్ అనే సమష్టి బృందం పెట్టారు. మరుసటి ఏడాది అందరూ న్యూకాజిల్‌కు తరలివచ్చారు. కొంటినెన్ అక్కడి బైకర్ పేటలో ఇల్లు చూసుకున్నారు. వాలు మీద వరసగా ఆనుకుని కట్టిన పాత ఇళ్ల కార్మిక వాడ అది. నగర పాలకులు అప్పటికే దాన్ని కూల్చి కొత్తగా కట్టాలని నిర్ణయించారు. వీధి తర్వాత వీధి నేలమట్టమవుతుంటే, తన ఇంటి వంతు వచ్చేదాకా ఆమె అక్కడే ఉండి ఫొటోలు తీశారు. పరదేశి కావడం ఆమెకు ఒక రకంగా కలిసొచ్చిందనుకుంటాను. ఇంగ్లండ్‌లో నోరు విప్పగానే యాసను బట్టి తరగతి తేలిపోతుంది. ఆమె యాస వాళ్ల లెక్కల్లో ఎక్కడా ఇమడదు.

ఆ ఫొటోల్లో పిల్లలున్నారు, ముసలమ్మలున్నారు, క్షవరశాలలున్నాయి, పాడుబడిన ఇంట్లో మిగిలిపోయిన పియానో వాయిస్తున్న అమ్మాయి ఉంది. పేదరికం ఉందా అంటే ఉంది, ఫొటో అంతా అదే కాదు. మనిషి ఇంట్లో ఏడాది పొడవునా దుఃఖపడుతూ కూర్చోడన్న సంగతి ఏడాది పొడవునా పక్కింట్లో ఉంటేనే తెలుస్తుంది. ఒక్క మధ్యాహ్నం వచ్చి వెళ్లేవాడికి దుఃఖం ఒక్కటే దొరుకుతుంది, ఎందుకంటే వచ్చిందే దాని కోసం.

లోపలి మనిషి తీస్తే

బయటివాళ్లు ఎంతకాలం ఉన్నా బయటివాళ్లే కదా, లోపలి మనిషే తీస్తే సరిపోదా అనే మాట ఒకటి ఉంది. దానికి టిష్ మర్థా జీవితమే ఒక జవాబు, అదీ ఊరట కలిగించే జవాబు కాదు.

మర్థా 1956లో పుట్టారు. పది మంది పిల్లల్లో ఒకరు. న్యూకాజిల్‌లోని ఎల్స్విక్ అనే పేద వాడలో పెరిగారు. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో డేవిడ్ హర్న్ నడిపే డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ కోర్సుకు ఇంటర్వ్యూకు వెళ్తే, దేన్ని ఫొటో తీయాలనుకుంటున్నావని ఆయన అడిగారు. పోలీసులు పిల్లల్ని తన్నడాన్ని అంది ఆ అమ్మాయి. ఆ ఒక్క మాటకే సీటు ఇచ్చేశానని హర్న్ తర్వాత చెప్పుకున్నారు. చదువు ముగించి ఆమె లండన్‌కు పోలేదు, తన వాడకే తిరిగి వచ్చారు. అప్పటికి ఉక్కు, ఓడల తయారీ, బొగ్గు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. 1982 జనవరి నాటికి బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. బడి వదిలి పని దొరకని కుర్రాళ్లను ఆమె తీశారు. వాళ్లలో ఆమె సొంత తమ్ముళ్లూ, వాళ్ల స్నేహితులూ ఉన్నారు.

అందులో ఒక ఫొటో దగ్గర ఎవరైనా ఆగుతారు. పాడుబడిన భవనం, అద్దాలు పోయిన కిటికీ, కింద కుప్ప పోసిన పాత పరుపులు. పిల్లలు కిటికీలోంచి వాటి మీదకు దూకుతున్నారు. ఒకడు గాల్లో ఉన్నాడు. ఇది శిథిలమా, ఆటస్థలమా? రెండూ. బయటివాడు తీస్తే శిథిలం ముందు కనిపించేది, మర్థా తీస్తే దూకడం ముందు కనిపిస్తుంది. ఆ పరుపుల మీద ఎలా పడితే దెబ్బ తగలదో ఆమెకు తెలిసి ఉంటుంది.

1981లో ఈ ఫొటోలు న్యూకాజిల్‌లో ఆంబర్ వాళ్లు నడిపే సైడ్ గ్యాలరీలో ప్రదర్శనకు వచ్చాయి. పార్లమెంటులోనూ ప్రస్తావనకు వచ్చాయి. ఆ తర్వాత? మర్థా 2013లో, 57వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు చనిపోయారు. చివరి ఏళ్లు లేమిలోనే గడిచాయి. నిరుద్యోగ యువత మీద ఆమె చేసిన పని పుస్తకంగా వచ్చింది 2017లో, కూతురు పాఠకుల దగ్గర చందాలు పోగుచేసి అచ్చు వేయిస్తే. లండన్‌లోని పేరున్న గ్యాలరీ ఆమె ఫొటోలతో పెద్ద ప్రదర్శన పెట్టింది 2018లో.

తీరిక అంటే డబ్బు అన్నది ఇందుకే. బైకర్‌లో ఏళ్ల తరబడి ఉండటానికి ఆంబర్ బృందం సంపాదన అంతా ఒకే గల్లాలో వేసుకుని పంచుకుంది. కిల్లిప్‌కు ఫెలోషిప్పులు దొరికాయి, తర్వాత హార్వర్డ్‌లో ఉద్యోగం దొరికింది. లోపలి మనిషికి లోకం తెలుసు, యాస తెలుసు, ఎవరినీ బతిమాలుకోవలసిన పని లేదు. ఫిల్ముకు మాత్రం డబ్బు లేదు. శ్రామిక వర్గం ఫొటోల చరిత్రలో శ్రామిక వర్గం ఫొటోగ్రాఫర్లు ఇంత తక్కువగా ఎందుకున్నారంటే రెక్కాడితే గాని డొక్కాడనివాడు మూడేళ్లు ఒక వీధిని చూస్తూ కూర్చోలేడు.

మన దక్షిణాదిలో ఈ మధ్య ఆ దారిన నడుస్తున్న మనిషి తమిళనాడుకు చెందిన ఎం. పళని కుమార్. చేపలమ్మిన తల్లి పెంచిన కొడుకు. పారిశుద్ధ్య కార్మికులను, వాళ్ల కుటుంబాలను చాలా ఏళ్లుగా తీస్తున్నారు. అక్కడితో ఆగకుండా ఆ వాడల పిల్లల చేతికే కెమెరాలిచ్చి నేర్పుతున్నారు.

చొక్కా వేసుకున్న ఫొటో

కొన్నేళ్ల కిందట చీరాల వైపు ఒక నేతగాని ఇంటికి వెళ్లాను. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుని, బనియనుతో, నేస్తున్నాడాయన. పైకప్పు పెంకు సందులోంచి ఒక గీత లాగా ఎండ పడుతోంది. ఫొటో తీసుకోనా అని అడిగాను. "ఒక్క నిమిషం బాబూ" అని మగ్గం దిగి లోపలికి వెళ్లి, తెల్లచొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. కండెలు చుడుతున్న భార్యను కేకేశాడు. ఇద్దరూ గుమ్మం ముందు నిటారుగా నిలబడ్డారు. మగ్గం ఫొటోలోకి రాలేదు. నాకు కావలసినవి కాళ్లు, గుంట, ఎండ. ఆయనకు కావలసింది చొక్కా. రెండూ తీశాను.

తర్వాతసారి వెళ్లినప్పుడు స్టూడియోలో ప్రింటు వేయించి రెండూ ఇచ్చాను. చొక్కా ఫొటోను ఆయన పైకెత్తి వెలుతురులో పెట్టి చూసి భార్యకిచ్చాడు. మగ్గం ఫొటోను చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటాడేమోనని నేను ఎదురుచూస్తున్నాను. "ఇది ఎవరికీ చూపించబాకు బాబూ, పడుగు వదులుగా ఉంది" అన్నాడు. నేను వెలుతురు చూసిన చోట ఆయన తన పనిలో లోపం చూశాడు.

ఇంగ్లండ్‌లో మార్టిన్ పార్ మీద రేగిన దుమారాన్ని నేను ఈ నేతగాణ్ని తలచుకునే చదువుతాను. 1983 నుంచి 1985 వరకు పార్ లివర్‌పూల్‌కు నది అవతల ఉన్న న్యూ బ్రైటన్ అనే బీచి ఊళ్లో ఫొటోలు తీశారు. కార్మిక కుటుంబాలు సెలవు రోజున వచ్చే చోటు. పొంగిపొర్లే చెత్తబుట్టలు, ఏడ్చే పసిపిల్లలు, చేతుల్లో కరుగుతున్న ఐస్‌క్రీములు, సిమెంటు గచ్చు మీద ఎండ కాగుతున్న తల్లులు. అదంతా రంగుల్లో, పట్టపగలు ఫ్లాష్ వేసి మరీ. అప్పటిదాకా ఇలాంటి పనికి నలుపు తెలుపే మర్యాద. నలుపు తెలుపులో పేదవాడు శిల్పం లాగా గంభీరంగా కనిపిస్తాడు. రంగులో ఆ గాంభీర్యం పోయి కెచప్ మరక మిగులుతుంది.

మధ్యతరగతి మనిషి కార్మికులను వెక్కిరిస్తున్నాడని విమర్శకులు విరుచుకుపడ్డారు. 1994లో ఫొటోగ్రాఫర్లే నడుపుకునే పేరున్న మాగ్నమ్ ఏజెన్సీలో పూర్తి సభ్యత్వం కోసం నిలబడితే ఒకే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కారు. అయితే పార్ ఒక సంగతి చెబుతుండేవారు. అవే ఫొటోలు ముందు లివర్‌పూల్‌లో పెట్టినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, అక్కడివాళ్లకు అది తెలిసిన చోటే. లండన్ గ్యాలరీకి వెళ్లాకే గోల మొదలైంది. ఇది ఆయన పక్షాన మంచి సాక్ష్యమే. నా మటుకు నాకు ఆ ఫొటోలు ఇష్టమే, వాటిలో హాస్యం ఉంది, అలసట ఉంది, సెలవు రోజున కూడా తప్పని పిల్లల పెంపకం ఉంది. కానీ ఆ తల్లుల్లో ఎవరినైనా అడిగి ఉంటే చెత్తబుట్ట పక్కన కూర్చున్న ఫొటోను కోరుకునేవారా, తల దువ్వుకుని వచ్చేవారా అన్న ప్రశ్నను ఆ సాక్ష్యం తుడిచిపెట్టదు. ఉన్నదున్నట్టు చూపాలన్నది ఫొటోగ్రాఫర్ నీతి. బాగా కనిపించాలన్నది ఎదుటి మనిషి హక్కు. ఈ రెండూ కలవని సందర్భాలే ఎక్కువ.

కింద రాసిన రెండు వాక్యాలు

ఫొటో నిజం చెబుతుందంటారు. జీతం ఎంతో చెప్పదు, వయసు చెప్పదు, ఆ పని రాత్రిపూటా ఉంటుందో లేదో చెప్పదు.

అమెరికాలో లూయిస్ హైన్‌కు ఇది అందరికంటే ముందు అర్థమైంది. 1908 నుంచి జాతీయ బాల కార్మిక కమిటీ కోసం నూలు మిల్లులు, గనులు, ఆహారాన్ని డబ్బాల్లో నింపే పరిశ్రమల చుట్టూ తిరిగి అయిదు వేలకు పైగా ఫొటోలు తీశారు. లోపలికి రానివ్వని చోట బైబిళ్లు అమ్మేవాడిననో, తనిఖీ అధికారిననో చెప్పి దూరేవారు. ఎదురుగా కొలబద్ద పెట్టి పిల్లల ఎత్తు కొలిస్తే మేస్త్రీకి అనుమానం వస్తుంది. అందుకని తన కోటు బొత్తాలు ఒక్కొక్కటి నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకున్నారు. పిల్ల పక్కన నిలబడి, తల ఏ బొత్తానికి తగులుతోందో చూసి, జేబులో చెయ్యి పెట్టి కాగితం మీద గుడ్డిగా రాసుకునేవారు.

1908లో నార్త్ కరోలినాలోని ఒక మిల్లులో తీసిన చిన్నపిల్ల ఫొటో కింద ఆయన రాసినదాని సారం ఇది. ఎత్తు 51 అంగుళాలు. మిల్లులో చేరి ఏడాది. అప్పుడప్పుడు రాత్రి పని కూడా. రోజుకు 48 సెంట్లు. వయసెంత అంటే తటపటాయించి గుర్తులేదంది, తర్వాత రహస్యంగా, పని చేసే వయసు నాకింకా రాలేదు, అయినా చేస్తున్నాను అంది. ఈ నాలుగు మాటలు తీసేస్తే మిగిలేది యంత్రాల వరస పక్కన నిలబడ్డ ఒక అందమైన అమ్మాయి బొమ్మ.

ఫొటోలు లోకాన్ని మార్చేశాయని హైన్ కథ చెబుతూ ముగించడం ఒక అలవాటు. 1916లో బాల కార్మిక చట్టం వచ్చిన మాట నిజమే. 1918లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దేశమంతటికీ వర్తించే చట్టం గట్టిగా నిలబడింది 1938లో. హైన్ మొదటి మిల్లు మెట్లెక్కి అప్పటికి ముప్పై ఏళ్లు. రెండేళ్ల తర్వాత ఆయన పేదరికంలోనే పోయారు.

మనవైపు ఇదే పనిని ఇంతే పట్టుదలతో చేసినవారు పి. సాయినాథ్. తెలుగు కుటుంబంలో మద్రాసులో పుట్టిన పాత్రికేయుడు. 1993 నుంచి 2002 మధ్య పది రాష్ట్రాల్లో గ్రామీణ స్త్రీల శ్రమ మీద తీసిన ఫొటోలతో ఒక సంచార ప్రదర్శన తయారుచేశారు. అందులో ఒకచోట విజయనగరంలో ఒక పెద్దావిడ ఇంటినీ వాకిలినీ అద్దంలా ఉంచుకుంటూ కనిపిస్తుంది. రోజూ మన కళ్ల ముందు జరిగేదే. పనిగా లెక్కకు రానిది కాబట్టే అది అక్కడుంది.

దానికంటే నన్ను పట్టుకున్నది ఇంకొకటి. తొమ్మిది మంది స్త్రీలు పొలంలో నడుములు వంచి నాట్లు వేస్తున్నారు. పక్కన భూస్వామి ఫొటో కోసం గర్వంగా నిటారుగా నిలబడ్డాడు. రోజుకు ఒక్కొక్కరికీ 40 రూపాయలు ఇస్తున్నానని చెప్పాడు. తర్వాత ఆ స్త్రీలు చెప్పింది తమకు ముట్టింది 25 అని. అందరూ ఒడిశాలోని రాయగడకు చెందిన భూమిలేని కూలీలు. వంగిన తొమ్మిది నడుములు, నిలువుగా ఒక మనిషి. కంటికి ఇదే చాలనిపిస్తుంది. కానీ ఆ 15 రూపాయలు ఏ కెమెరాకూ దొరకవు. ఫొటో తీశాక యజమాని కన్నుగప్పి ఆగి అడిగితేనే దొరుకుతాయి.

పది నిమిషాలు

అడగకపోతే ఏమవుతుందో ఈ రంగంలో అందరికంటే ప్రసిద్ధమైన ఫొటోయే చెబుతుంది. 1936 మార్చిలో డొరొథియా లాంగ్ అమెరికా ప్రభుత్వ శాఖ తరఫున కాలిఫోర్నియాలో తిరిగి ఇంటికి వెళ్తున్నారు. నిపోమో దగ్గర బఠానీ కోసే కూలీల శిబిరం అని రాసిన బోర్డు కనిపించింది. దాటేసి ఇరవై మైళ్లు వెళ్లి, మనసొప్పక కారు వెనక్కి తిప్పారు. గుడారంలో పిల్లలతో కూర్చున్న ఒక తల్లిని పది నిమిషాల్లో కొన్ని ఫొటోలు తీసి వెళ్లిపోయారు. పేరు అడగలేదని, కథ అడగలేదని లాంగే తర్వాత రాసుకున్నారు. చివరి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. దవడకు చెయ్యి ఆనించుకున్న ఆ ముఖాన్ని మీరూ చూసే ఉంటారు. పత్రికలో పడగానే శిబిరానికి ఇరవై వేల పౌన్ల ఆహారం వెళ్లింది. ఆ కుటుంబం అప్పటికే పని వెతుక్కుంటూ అక్కడి నుంచి కదిలిపోయింది.

ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. చెరోకీ మూలాల మనిషి. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ రాసింది నిజం కాదని కుటుంబం చెప్పింది. ఆ ఫొటో వల్ల తనకు పైసా రాలేదని, అసలు తీయకుండా ఉంటే బాగుండేదని ఆమె బాధపడ్డారు. ప్రభుత్వ ఫొటో కాబట్టి లాంగ్‌కూ దాని మీద రాబడి లేదు, అది వేరే సంగతి. దశాబ్దాలపాటు దేశానికి పేదరికం ముఖచిత్రంగా ఉండటం అంటే ఏమిటో ఊహించండి. మీ జీవితంలో ఒక చెడ్డ వారం, దానిలో పది నిమిషాలు, అవే మీరు.

కానీ కథ అక్కడా ఆగలేదు. 1983లో ఆమె మంచం పట్టినప్పుడు వైద్యం ఖర్చు కోసం పిల్లలు జనాన్ని సాయం అడిగారు. ఫొటో గుర్తున్నవాళ్లు సుమారు 35 వేల డాలర్లు పంపారు. డబ్బుతోపాటు ఉత్తరాలూ వచ్చాయి. అంతదాకా ఆ ఫొటో అంటే సిగ్గుపడిన తమకు ఆ ఉత్తరాలు చదివాకే గర్వం కలిగిందని పిల్లలు చెప్పారు. ఆ ఏడాదే ఆమె కన్నుమూశారు. ఇందులో ఎవరిని తప్పుపట్టాలో తేల్చడం నాకు చేతకాలేదు.

ఈ చిక్కును ముందే ఊహించి జాగ్రత్తపడ్డ ఉదాహరణ ఒకటుంది. 1960ల చివర నుంచి 1972 దాకా నిక్ హెడ్జెస్ అనే ఫొటోగ్రాఫర్, సరైన ఇళ్లు లేనివారి కోసం పనిచేసే షెల్టర్ అనే సంస్థ కోసం బ్రిటన్ నగరాల్లోని మురికి కొంపల్లో బతికే కుటుంబాలను తీశారు. ప్రచారానికి వాడుకున్నాక, అందులోని మనుషుల మర్యాద కాపాడటం కోసం ఆ ఫొటోల వాడకం మీద నలభై ఏళ్ల ఆంక్ష పెట్టారు. 2014లో లండన్ సైన్స్ మ్యూజియంలో అవి మళ్లీ బయటికొచ్చాయి. తడిగోడ పక్కన నిలబడ్డ అయిదేళ్ల పిల్లకు బడిలో, ఉద్యోగంలో, పెళ్లిలో ఆ ఫొటో అడ్డు రాకూడదనుకున్నారు. ఫోన్లో తీసి సాయంత్రానికి లక్ష మందికి చూపించే ఈ రోజుల్లో నలభై ఏళ్లు ఆగడం అన్నమాటే వింతగా వినిపిస్తుంది.

సాయినాథ్ వేరేలా ఆలోచించారు. ఆయన ఫొటోలను బస్టాండ్లకు, రైల్వే స్టేషన్లకు, ఫ్యాక్టరీ గేట్ల దగ్గరకు, కూలీల సభలకు తీసుకెళ్లారు. ఏడు లక్షల మందికి పైగా చూశారు. గ్యాలరీలో అయితే గోడ మీద ఉన్నదీ, గోడ ముందు నిలబడ్డదీ ఎప్పుడూ వేర్వేరు మనుషులే. బస్టాండులో ఆ దూరం ఉండదు. తర్వాత 2014 డిసెంబరులో ఆయన మొదలుపెట్టిన, పల్లెల జీవితాన్ని నమోదు చేసే పరి వెబ్‌సైటు అదే పనిని తెలుగుతో సహా అనేక భాషల్లో కొనసాగిస్తోంది.

కిల్లిప్ 1980ల మొదట్లో లైన్‌మత్ ఒక్కచోటే పని చేయలేదు. అదే తీరంలో దక్షిణాన స్కినింగ్రోవ్ అనే చేపల ఊరు ఉంది. పక్కనే ఇనుప కర్మాగారం. బయటివాళ్లంటే ఊరుఊరంతా మొహం చిట్లించే చోటు. అక్కడి కుర్రాళ్లతో ఆయనకు నెమ్మదిగా స్నేహం కుదిరింది. వలలు, పడవలు, గోడ వార కూర్చుని సముద్రంలోకి చూస్తూ గడిపే గంటలు, అన్నీ తీశారు. ఆ కుర్రాళ్లలో ఒకతను తర్వాత సముద్రంలో మునిగి చనిపోయాడు. మా అబ్బాయి ఫొటోలేమైనా ఉన్నాయా అని తల్లి అడిగింది. కిల్లిప్ దగ్గర చాలా ఉన్నాయి. ఆల్బం చేసి ఇచ్చారు.

ఆ ఊరి ఫొటోల్లో ఎక్కువ భాగాన్ని ఆయన దశాబ్దాలపాటు ఎక్కడా అచ్చు వేయలేదు. 2018లో వాటిని మామూలు న్యూస్‌ప్రింటు మీద, దినపత్రిక సైజులో వేయించారు. గ్యాలరీలో అమ్మే సంతకం పెట్టిన ప్రతులు కావవి. స్కినింగ్రోవ్‌లో ఇంటింటికీ, తలుపుకుండే ఉత్తరాల సందులోంచి, ఊరికే లోపల వేయించారు.